శుభం కార్డు పడని సినిమా

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "ఇంజనీరువి కదా, దయచేసి ఇంజనీరింగ్ గురించి మాత్రం మాట్లాడకు" అన్నారు. అందుకని సినిమా గురించి మాట్లాడతాను. చివర్లో కాస్త ఇంజనీరింగ్ దొర్లితే ఆయన పెద్దమనసుతో మన్నించాలి.

ఈ మధ్య మన బ్యాచ్ వాళ్లం ఆరుగురం, మన మాస్టార్లు ఇద్దరు, ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని ఒక పాత ఇటాలియన్ కౌబాయ్ సినిమా చూశాం. సినిమా గంటా నలభై ఐదు నిమిషాలు. దాని మీద వాదన మూడు గంటలు. మధ్యలో రెండుసార్లు టీ పెట్టాల్సి వచ్చింది. ఒకే సినిమా చూసిన ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా ఎందుకు మాట్లాడారు, వాళ్లలో ఎవరి మాట నాతో ఇంకా ఉండిపోయింది అనేదే ఇవాళ చెప్పదలచుకున్నాను.

మన తరానికి కౌబాయ్ అంటే కృష్ణ గారు. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' విడుదలైనప్పుడు మనలో చాలామందికి ఊహ తెలియదు. కానీ ఆ సినిమా ఊళ్లకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉండేది. ఆరుద్ర గారి రచన, కె.ఎస్.ఆర్. దాస్ గారి దర్శకత్వం, రాజస్థాన్ ఎడారి. దాని వెనక సెర్జియో లియోనీ అనే ఆయన తీసిన ఇటాలియన్ కౌబాయ్ సినిమాలు ఉన్నాయి. లియోనీ 1964లో తీసిన తొలి కౌబాయ్ సినిమా వెనక జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'యోజింబో' ఉంది. అంటే మన కౌబాయ్ జపాన్‌లో బయల్దేరి, ఇటలీలో గుర్రమెక్కి, రాజస్థాన్ మీదుగా మన టూరింగ్ టాకీసుకు చేరాడన్నమాట. ఈ సభకు అమెరికా నుంచి వచ్చిన మిత్రులు కూడా అన్ని దేశాలు తిరిగి ఉండరు.

మేము చూసింది లియోనీ సినిమా కాదు. అదే కాలంలో, అదే ఇటలీలో సెర్జియో కొర్బుచీ అనే ఇంకో సెర్జియో ఉన్నాడు. 1966లో 'జాంగో' తీసింది ఆయనే. శవపేటికను బురదలో ఈడ్చుకుంటూ వచ్చే హీరో కథ అది. ఆయన 1968లో తీసిన సినిమా 'ద గ్రేట్ సైలెన్స్'. మహా నిశ్శబ్దం అనుకోవచ్చు. కౌబాయ్ సినిమా అనగానే మన కళ్ల ముందు ఎండ, దుమ్ము, ఎర్రమట్టి కొండలు కనపడతాయి కదా. ఇందులో అవేవీ ఉండవు. మొదటి నుంచి చివరిదాకా మంచు. గుర్రాలు పొట్టల దాకా మంచులో దిగబడి నడవలేక అవస్థ పడుతుంటాయి. కథ అమెరికాలోని యూటాలో జరుగుతుంది, తీసింది మాత్రం ఇటలీ ఉత్తరాన ఉన్న డోలమైట్ కొండల్లో. ఊరి వీధి దృశ్యాలు కొన్ని రోమ్ దగ్గర స్టూడియో సెట్టులో తీసి, మంచు కోసం షేవింగ్ క్రీమ్ వాడారట. సంగీతం ఎన్నియో మోరికోనె. లియోనీ సినిమాలకు ఈల పాటలు కట్టినాయన ఇక్కడ ఎంత మెత్తగా వాయించాడంటే, మా వాళ్లలో ఒకడు "ఇది కౌబాయ్ సినిమా పాటలా లేదురా, చావింటి ముందు కూర్చున్నట్టుంది" అన్నాడు.

ముగింపు చెప్పకుండా ఈ సినిమా గురించి మాట్లాడటం కుదరదు. చూడాలనుకునేవాళ్లు ఇప్పుడే భోజనాల వైపు వెళ్లిపోవచ్చు. నేనేమీ అనుకోను.

కథాకాలం 1898 చలికాలం. ఊళ్లోంచి తరిమేసిన పేదవాళ్లు కొందరు ఆకలితో కొండల్లో దాక్కుని ఉంటారు. తిండి కోసం దొంగతనం చేస్తే వాళ్ల తలలకు వెల కట్టారు. ఆ వెల కోసం వాళ్లను చంపి బతికే వేటగాళ్లు ఉంటారు. వాళ్లలో మొనగాడు లోకో. ఈ పాత్ర వేసింది క్లాస్ కిన్‌స్కీ. గొంతు పెంచడు, మర్యాద తప్పడు. చంపిన వాళ్ల శవాలను మంచులో పాతిపెట్టి, తీరిక చిక్కినప్పుడు తవ్వి తీసి, బండికెత్తించి డబ్బు తీసుకుంటాడు. మనం కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తాలు పెట్టుకున్నట్టు.

హీరో పేరు సైలెన్స్. ఫ్రెంచి నటుడు ట్రాంటిన్యాన్ వేశాడు. పేరుకు తగ్గట్టు మూగవాడు. చిన్నప్పుడు తల్లిదండ్రులను చంపిన వేటగాళ్లు, సాక్ష్యం చెప్పకుండా వీడి గొంతు కోశారు. సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. ఎదుటివాణ్ణి రెచ్చగొట్టి, వాడు ముందు తుపాకీ తీసేదాకా ఆగి, అప్పుడు కాలుస్తాడు. ఆత్మరక్షణ కాబట్టి చట్టం ఏమీ చేయలేదు. పైగా వాడి చేతిలో ఉన్నది 1896 మోడల్ మౌజర్ పిస్టల్. ఒక తూటా పేలగానే తర్వాతి తూటా తనంతట తానే గొట్టంలోకి ఎక్కుతుంది. ఎదుటివాళ్ల దగ్గర ఉన్నవి పాతకాలం రివాల్వర్లు. అంటే హీరో గెలుపులో ధైర్యం ఎంతో, యంత్రం కూడా అంతే. ఇంజనీరుకి ఇలాంటివే కనపడతాయి, ఏం చేస్తాం!

లోకో చంపిన ఒక మనిషి భార్య పౌలీన్. నల్లజాతి స్త్రీ. పగ తీర్చమని ఈ మూగవాణ్ణి పిలుస్తుంది. ఇవ్వడానికి డబ్బు లేక ఇల్లు అమ్మబోతుంది. ఊళ్లో అప్పులిచ్చే పెద్దమనిషి పొలికట్ ఆ ఇంటికి బదులు ఆమెనే అడుగుతాడు. కొండల్లోని వాళ్లకు క్షమాభిక్ష ఇవ్వాలని గవర్నరు అనుకుంటున్నాడు. ఆయన పంపిన షెరీఫ్ మంచివాడు. లోకోను అరెస్టు చేసి జైలుకు తీసుకెళ్తుంటే, దారిలో గడ్డకట్టిన చెరువు మీద లోకో వాణ్ణి బోల్తా కొట్టిస్తాడు. మంచు పగిలి షెరీఫ్ నీళ్లలో పడిపోతాడు.

ఇక ముగింపు. తిండి దొరుకుతుందన్న ఆశతో కొండ దిగి వచ్చినవాళ్లను లోకో మనుషులు పట్టి సారా దుకాణంలో కట్టేస్తారు. సైలెన్స్ గాయపడ్డ చేతితో వీధిలోకి వస్తాడు. మనందరం ముందుకు జరిగి కూర్చున్నాం. ఇప్పుడేదో జరుగుతుంది. జరిగింది. లోకో వాణ్ణి కాల్చేశాడు. పౌలీన్ తుపాకీ అందుకుంది, ఆమెనూ చంపారు. తర్వాత కట్టేసి ఉన్నవాళ్లందరినీ వరసగా చంపేశారు. అంతా చట్టం ప్రకారమేనని లోకో తన వాళ్లకు చెప్పి, హీరో మౌజర్‌ను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. శుభం కార్డు పడాల్సిన చోట, ఆ దారుణం తర్వాత జనం ఇలాంటి వేటను ఖండించారని నాలుగు ముక్కలు పడ్డాయి. అంతే.

గదిలో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మొదలైంది.

మొదట లేచింది బట్టల వ్యాపారం చేస్తున్న మిత్రుడు. "ఒరేయ్, ఇందుకేనా మమ్మల్ని పిలిచింది? దీనికన్నా మా కొట్టు తెరుచుకుని కూర్చున్నా బాగుండేది. హీరో చచ్చిపోతే పోనీ. దేవదాసు చావలేదా, 'మరోచరిత్ర'లో ఇద్దరూ చావలేదా? ఏడ్చి వచ్చాం. కానీ అక్కడ చంపినవాడు రసీదు రాయించుకుని డబ్బులు తీసుకోడు కదా!" వాడు కోపంలో అన్నా, ఆ రోజు వచ్చిన మాటల్లో ఇది చాలా సూక్ష్మమైనది. విషాదం మనకు కొత్త కాదు. ప్రేమ చచ్చిపోతే కన్నీళ్లతో కడిగేసుకుని ఇంటికి వస్తాం. అన్యాయం గెలిచి, పద్దు రాసుకుని, నెమ్మదిగా నడిచి వెళ్లిపోతే ఆ చూసినదాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియదు.

మన తెలుగు మాస్టారు దానికి జవాబుగా భాసుణ్ణి తీసుకొచ్చారు. సంస్కృత నాటకానికి మంగళాంతం ఆనవాయితీ అని, రంగస్థలం మీద చావు చూపించరాదని నియమమని, అయినా భాసుడు 'ఊరుభంగం'లో తొడలు విరిగిన దుర్యోధనుణ్ణి ప్రేక్షకుల ఎదుటే చనిపోనిచ్చాడని చెప్పారు. "నియమం తెలిసినవాడు దాన్ని తప్పాడంటే, మనల్ని ఏదో చూడమంటున్నాడని అర్థం నాయనా" అన్నారు. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. కౌబాయ్ సినిమా చూడటం అదే మొదటిసారట.

డ్రాయింగ్ మాస్టారికి సినిమా నచ్చలేదు. కెమెరా ఊరికే ముందుకీ వెనక్కీ దూకుతోందని, నెత్తురు రంగు సీసాలో రంగులా ఉందని, పెదవుల కదలికకూ మాటకూ పొంతన లేదని అన్నారు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. ఆ రోజుల్లో ఇటలీలో సినిమాలు చాలావరకు మాట రికార్డు చేయకుండా తీసేవారు. ఒక్కో నటుడు తన భాషలో తాను మాట్లాడేవాడు, తర్వాత అన్నీ డబ్బింగే. "అందుకే కాబోలు హీరోని మూగవాణ్ణి చేశారు, డబ్బింగు ఖర్చు కలిసొచ్చింది" అని బట్టల మిత్రుడు అంటే ఆయన కూడా నవ్వారు. అయితే, తెల్లటి మంచులో నల్లటి మనుషుల గీతలు నడిచి వస్తున్న మొదటి దృశ్యం మాత్రం ఎవరైనా గోడకు తగిలించుకోవచ్చని ఆయనే ఒప్పుకున్నారు.

నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేస్తున్న మన సహాధ్యాయిని చాలాసేపు ఊరుకుని, "మీరంతా హీరో గురించే మాట్లాడుతున్నారు. పౌలీన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం?" అంది. మాట లేనివాడి కథలో న్యాయం కావాలని నోరు తెరిచి అడిగింది ఆమె ఒక్కతే. ఆ ఇద్దరి ప్రేమను కూడా ఏ వింతా లేనట్టు చూపించాడు దర్శకుడు. తెల్లవాళ్లకూ ఇతర జాతులవాళ్లకూ మధ్య పెళ్లిళ్లను నిషేధించే రాష్ట్ర చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. అంటే ఈ సినిమా రావడానికి ఏడాది ముందు. ఆ సంగతి నేను చెబితే, "చూశావా, చట్టం అక్కడ కూడా ఆలస్యంగానే వచ్చింది" అంది.

మా అబ్బాయి వెనక కూర్చుని చూశాడు. వాడికి టరాంటినో అంటే ఇష్టం. 2015లో మంచులో తీసిన 'ద హేట్‌ఫుల్ ఎయిట్'కు, 2012లో వచ్చిన 'జాంగో అన్‌చెయిన్‌డ్'కు వేర్లు ఈ కొర్బుచీ సినిమాల్లో ఉన్నాయని వాడే మాకు చెప్పాడు. వాడికి ముగింపు బాధ కలిగించలేదు. "నాన్నా, వార్తల్లో రోజూ జరిగేది ఇదేగా" అన్నాడు. పెద్దవాళ్ల కోపం కన్నా పాతికేళ్లవాడి ఆ నిదానమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ సినిమాకు సుఖాంతం కూడా ఒకటి తీశారు. విషాదాంతం ఆడదని భయపడ్డ మార్కెట్ల కోసం. అందులో నీళ్లలో మునిగిపోయాడనుకున్న షెరీఫ్ గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చి లోకోను కాల్చేస్తాడు. హీరో బతుకుతాడు. చేతికి కట్టు కింద లోహపు తొడుగు ఉందని తేలుతుంది. అందరూ క్షేమం. అది కూడా వేసి చూపించాను. అందరికన్నా గట్టిగా నవ్వింది ఎవరనుకున్నారు? మంచి ముగింపు కావాలని పోట్లాడిన బట్టల మిత్రుడే. "ఆపరా బాబూ, ఇది మరీ అన్యాయం" అన్నాడు. అడిగింది చేతికొచ్చాక అక్కర్లేదనిపించింది. షెరీఫ్ సమయానికి వస్తే మిగిలినదంతా ఒక్క చెడ్డవాడి కథ అయిపోతుంది. వాడు చచ్చాడు, పీడ వదిలింది, కథ కంచికి, మనం ఇంటికి. షెరీఫ్ రాకపోతే మాత్రం, అసలు ఇంతమంది తలలకు వెల కట్టింది ఎవరు, ఎందుకు అనే ప్రశ్న మన వెంట ఇంటికి వస్తుంది. చే గెవారా, మాల్కం ఎక్స్‌ల మరణాల ప్రభావం ఈ కథ మీద ఉందని సినిమా చరిత్ర రాసినవాళ్లు అంటారు. ఆ రెండు చావులూ జరిగిన రోజున ఏ షెరీఫూ రాలేదు.

అందరికన్నా చివర మాట్లాడింది లాయరు మిత్రుడు. "మీరందరూ లోకో దుర్మార్గుడు అంటున్నారు. సరే. షెరీఫ్ సంగతి పక్కన పెట్టి, మిగతా హత్యల్లో వాడు ఏ సెక్షను ఉల్లంఘించాడో చెప్పండి" అన్నాడు. మేము వెతికాం. నేరస్థులని ప్రకటించినవాళ్లనే చంపాడు. సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడు. క్షమాభిక్ష ఇంకా ఉత్తర్వుగా రాలేదు. చివరికి వాడే అన్నాడు: "హీరో కూడా చట్టం సందులోంచే దూరి చంపాడు. ఇద్దరికీ నియమం ఒకటే. తెలివైనవాడు గెలిచాడు."

ఆ మాట నాకు ఒక పాత ఫైలును గుర్తు చేసింది. కార్యదర్శి గారూ, ఇంజనీరింగ్ ఇప్పుడు వస్తోంది.

పదిహేనేళ్ల కిందటి మాట. ఒక పెద్ద కట్టడం పని. పేర్లు అనవసరం. సెంట్రింగ్ పని చేసే కుర్రాడు ఒకడు స్లాబు అంచు నుంచి పడి చనిపోయాడు. ఆ పనితో సంబంధం లేని ఇంజనీరు ఒకడు ఉండాలని విచారణ కమిటీలో నన్ను వేశారు. ఫైలు ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. హెల్మెట్లు ఇచ్చిన రిజిస్టరు ఉంది. సేఫ్టీ బెల్టు ముట్టినట్టు కుర్రాడి వేలిముద్ర ఉంది. భద్రత గురించి పాఠం చెప్పినట్టు తేదీతో సహా సంతకాలున్నాయి. నిబంధనల ఉల్లంఘన కనపడలేదని నివేదిక చిత్తుప్రతి తయారుగా ఉంది. సంతకం పెట్టడమే తరువాయి.

నేను ఆ స్లాబు ఎక్కి చూశాను. బెల్టుకు ఒక కొక్కెం ఉంటుంది. దాన్ని దేనికైనా తగిలిస్తేనే బెల్టు పని చేస్తుంది. ఆ అంచున తగిలించడానికి తాడు లేదు, కడ్డీ లేదు, కింద వల లేదు. బెల్టు ఇవ్వాలని నియమం ఉంది, ఇచ్చారు. తాడు సంగతి ఎవరి కాగితంలోనూ లేదు. ఎందుకు లేదు? టెండరులో భద్రత ఖర్చు విడిగా ఐటమ్‌గా చూపించలేదు. అన్నీ రేట్లలోనే కలిసి ఉన్నాయని ఒక వాక్యం రాశారు. తక్కువకు కోట్ చేసి పని తెచ్చుకున్నవాడు ముందు కోసేది అలాంటి ఖర్చునే. సిమెంటు తగ్గిస్తే పరీక్షలో దొరికిపోతాడు. తాడు కట్టకపోతే బిల్లులో ఏమీ తేడా రాదు. ఎవరూ ఏ నియమమూ తప్పలేదు. కుర్రాడు మాత్రం లేడు.

నేను విడిగా ఒక పేజీ రాసి జత చేశాను. కొందరికి నచ్చలేదు. నాలుగు నెలలు అటూ ఇటూ ఉత్తరాలు నడిచాయి. చివరకు తర్వాతి టెండరులో వలలు, తాళ్లు విడి ఐటమ్‌గా, కొలిచి డబ్బు ఇచ్చేలా చేర్చారు. ఆ కుర్రాడి తల్లికి దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. సినిమా చివర తెర మీద పడే ఆ నాలుగు ముక్కలు చదువుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది. జనం ఖండించారట, తర్వాత.

అందుకే మా అబ్బాయి నిదానం నాకు మింగుడు పడలేదు. బట్టల మిత్రుడి కోపమే నాకు ఆరోగ్యంగా కనిపించింది. సినిమా బాగుందా లేదా అనే దాంట్లో డ్రాయింగ్ మాస్టారిదే ఒప్పు కావచ్చు. కానీ "అంతా చట్టం ప్రకారమే" అన్న మాట విని ఒళ్లు మండే మనిషి ఇంకా మన మధ్య ఉండటం నాకు ధైర్యాన్నిచ్చింది. యాభై ఏళ్లు గడిచినా ఈ సినిమాను జనం వెతుక్కుని చూస్తున్నారు. అమెరికా కథ అయినా, బాగుచేసిన ప్రతితో అక్కడి థియేటర్లలోకి వచ్చింది 2018లోనే. చూసినవాళ్లు ఇప్పటికీ ముగింపు దగ్గరే పోట్లాడుకుంటున్నారు. సుఖాంతమే మిగిలి ఉంటే ఈ పోట్లాట ఉండేది కాదు.

ఈ సినిమాను మన పిల్లలకు చూపించమని నేను అనను. హింస ఎక్కువ, పెద్దవాళ్లు చూడాల్సింది. నేను కోరేది వేరు. మన బడిలో మనకు నియమాలు నేర్పారు. గంట కొట్టాక పరుగెత్తకూడదు, వరసలో నిలబడాలి, ఇతరుల పలక ముట్టకూడదు. అవి నేర్పబట్టే మనం నాలుగు ముద్దలు తింటున్నాం. వాటితోపాటు, "బెల్టు ఇచ్చారు సరే, కొక్కెం ఎక్కడ తగిలించాలి మాస్టారూ?" అని అడిగే పిల్లవాణ్ణి తరగతిలో కూర్చోబెట్టకుండా, ఇంకో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడనివ్వండి. ఇక్కడున్న ఉపాధ్యాయులకు, ముఖ్యంగా ఇప్పుడు బడిలో పనిచేస్తున్న చిన్నవాళ్లకు, ఇదే నా విన్నపం.

మన సంఘం ప్రతి ఏడాదీ వ్యాసరచన పోటీకి బహుమతులు ఇస్తోంది. వచ్చే ఏడాది నుంచి ఒక చర్చ కూడా పెడదాం. పిల్లలే ఒక కథ ఎంచుకుని, దాని ముగింపు సరైనదేనా అని వాదించుకోవాలి. నెగ్గినవాళ్లకు, ఓడినవాళ్లకు కూడా పుస్తకాల ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. బట్టల మిత్రుడు ఇప్పటికే ఒప్పుకున్నాడు, కాకపోతే న్యాయనిర్ణేతగా తానే ఉంటానంటున్నాడు. మాస్టార్లు ఆ సంగతి చూసుకోవాలి.

ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి.